జారే పొద్దు

ఆ వారం తవిటినాయుడికి మధ్యాహ్నం మూడింటికి తెల్లవారుతోంది.

అంతకు ముందు వారం పొద్దున పదింటికి తెల్లవారేది. వచ్చే వారం చీకటి పడ్డాక తెల్లవారుతుంది. ఆ పై వారం అర్ధరాత్రి దాటాక. అలా జారి జారి, నెల దాటాక మళ్ళీ ఊరందరితో పాటు ఉదయానికి వస్తాడు. నాలుగు రోజులుంటాడు. మళ్ళీ జారిపోతాడు.

“లెగిసినావేటి నాయినా?” తల్లి పైడమ్మ గది గుమ్మంలో నిలబడి అడిగింది. “టిఫినెట్టమంతావా, అన్నమెట్టమంతావా?”

“ఎంతయింది?”

“మూడు.”

“ఏదుంటే అదెట్టమ్మా.”

రెండేళ్ళుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, అందరూ తిన్నాక తోమి బోర్లించిన మూకుడు మళ్ళీ స్టవ్వు మీద పెట్టింది.

తవిటినాయుడు మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరుగా చేసేవాడు. ఒకరోజు షిఫ్టు మారే వేళ పక్క బ్లాకులో సాల్వెంట్ డ్రమ్ము పేలింది. ప్రాణం దక్కింది గానీ రెండు కళ్ళూ తీసేయాల్సి వచ్చింది. మొదట్లో అతను వేళకు నిద్రపోకపోతే దిగులనుకున్నారు. దిగులు తగ్గాక కూడా నిద్ర వేళకు రాలేదు. చివరికి డాక్టరు విడమరచి చెప్పాడు.

“మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంటుందమ్మా. చాలామందికి అది రోజూ కాస్త ఆలస్యంగానే నడుస్తుంది. పొద్దున్నే కంట్లో వెలుగు పడగానే శరీరం దాన్ని సరిచేసుకుంటుంది. ఈయనకి ఆ దారి మూసుకుపోయింది. ముల్లు తిప్పేవాళ్ళు లేరు. రోజుకి ముప్పావుగంట చొప్పున వెనకబడుతూనే ఉంటాడు.”

మాత్రలిచ్చారు. కొందరికి పనిచేస్తాయన్నారు. తవిటినాయుడికి పనిచెయ్యలేదు.

అతని భార్య కుసుమ ఆ మాటలు తలవంచుకుని వింది. ఆమెకు అందులో తెలియనిది ఏదీ లేదు. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో ఆమె చేసే పనే అది. ఇంటి దీపాలతో మనిషి నిద్రనూ మెలకువనూ గాడిలో పెట్టడం. ఆ పనిలోకి ఆమె వచ్చింది కూడా తవిటినాయుడి వల్లే. పెళ్ళయిన కొత్తలో అతను రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పగలంతా కళ్ళ మీద తువ్వాలు వేసుకుని దొర్లుతుంటే చూడలేక మొదలుపెట్టింది. పదేళ్ళు కష్టపడితే పైకప్పుకు అమర్చే పలకలు తయారయ్యాయి. తెల్లవారుజామున అవి నివురు రంగు నుంచి ఆకాశపు తెలుపుకు తిరుగుతాయి. సందె వేళ నుంచి మెల్లగా ఎర్రబడి దీపం ఒత్తి రంగులోకి దిగుతాయి. ఆసుపత్రి వార్డుల్లో రోగులు వాటి కింద హాయిగా నిద్రపోయారు. పెదవాల్తేరులోని ఈ ఇంట్లో అత్తగారు, పన్నెండేళ్ళ కూతురు లోహిత పడుకుంటే మళ్ళీ తెల్లారాకే లేచేవారు.

ఎవరికోసం చేసిందో ఆ మనిషికి తప్ప అందరికీ పనిచేసింది.

*

పరిశోధనశాలలో కిటికీలు లేని గదులు వరసగా ఉండేవి. ఆ ఏడాది వాటిలో కొత్త పలకలు బిగించారు. నడిసముద్రంలో చమురు తీసే వేదికల మీద వంతులవారీగా పనిచేసేవాళ్ళకు రోజు పొడుగవ్వాలని ఒక కంపెనీ అడిగింది. మనిషి గడియారాన్ని కొద్దిగా జరపడం పాత సంగతే. రోజుకు ముప్పావుగంట, గంట చొప్పున పట్టి సాగదీసి, అలాగే నిలబెట్టడం మాత్రం ఎవరివల్లా కాలేదు. కుసుమ వల్ల అయింది. కొత్త పలకల్లో కంటికి ఆనని ఒక మినుకు ఉంది. సందె వెలుగులో అది కలిసిపోతుంది. చూసేవాడికి ఏమీ తెలీదు. శరీరం మాత్రం ఇంకా పొద్దు గూకలేదనుకుంటుంది.

ఒకరోజు పొద్దున్నే ఆమె ల్యాబుకు వచ్చేసరికి గదిలో ఇద్దరు కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడుతూ పెద్దగా నవ్వుకుంటున్నారు. పంతొమ్మిది రోజులుగా లోపలే ఉంటున్న వలంటీర్లు. బయట ఊరు ఇంకా పళ్ళు తోముకుంటోంది. వాళ్ళకు అది మిట్టమధ్యాహ్నం. ఒకడు తలుపు అద్దంలోంచి ఆమెను చూసి, “మేడమ్, భోజనం ఇంకా రాలేదేంటి?” అని అడిగాడు.

కుసుమకు ఆవలింత వచ్చింది. ముందురోజు రాత్రి తవిటినాయుడు వంటింట్లో నీళ్ళకోసం తడుముకుంటుంటే లేచింది. మళ్ళీ పడుకోలేదు. అలా ఎన్ని రాత్రులో. పగలు ఉద్యోగం, రాత్రి అతనికి తోడు. ఎముకల్లోకి దిగిన అలసట. అద్దానికి నుదురానించి ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడిపోయింది. వాళ్ళు లోకంతో లేరు. కానీ ఒకరితో ఒకరు ఉన్నారు.

ఆయన్ని నా పొద్దులోకి తీసుకురాలేను, అనుకుంది. నేను వెళ్ళగలను.

పరిశోధనశాల పెద్ద సోమయాజులుగారికి ఇంకో ఏడాదిలో రిటైర్‌మెంటు. ఆమె చెప్పింది విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

“ఈ కుర్రాళ్ళు మూడు వారాలుండి ఇంటికెళ్ళిపోతారమ్మా. నువ్వు ఎక్కడికెళ్తావు?”

“నేను ఇంట్లోనే ఉంటాను కదండీ.”

“అదే నేనంటున్నది.”

ఆయన ఆమె కళ్ళ కింద నలుపును చూశాడు. “నెలనెలా రక్తపరీక్షలు చేయించుకో. ల్యాబుకి నీకు వీలైన వేళే రా. తేడా అనిపిస్తే ఆరోజే ఆపేయాలి” అన్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో చెప్పింది. పైడమ్మ సగం విని, “ఆడికి తోడుంటానంతావు. మంచిదేనమ్మా. మరి గుంటో?” అంది మనవరాలి వైపు చూస్తూ.

“మీరున్నారు కదత్తా. ఒక్క ఇల్లేగా.”

లోహిత కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. “అంటే నువ్వు కూడా నాన్నలా అయిపోతావా?”

“నా కళ్ళు బాగానే ఉంటాయే.”

“నేనడిగింది కళ్ళ గురించి కాదు.”

తవిటినాయుడు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. “నీ ఇష్టం కుసుమా” అన్నాడు.

*

వాళ్ళ పడకగదికి, దాన్ని ఆనుకున్న చిన్న హాలుకు కొత్త పలకలు బిగించారు. కిటికీలకు నల్లటి మందపాటి తెరలు, తలుపు సందులకు రబ్బరు పట్టీలు. వాళ్ళ రాత్రి వేళ ఆ తలుపు ఎవరూ తియ్యకూడదు. బయటి వెలుగు ఒక్కసారి కంట్లో పడినా చేసిందంతా వృథా అవుతుంది. అత్తగారికి ఈ మాట రెండుసార్లు చెప్పింది.

పది పన్నెండు రోజులు తల దిమ్ముగా, వికారంగా గడిచాయి. ఆ తరువాత ఒకరోజు అలారం లేకుండానే మెలకువ వచ్చింది. పక్కకు తిరిగేసరికి తవిటినాయుడు అప్పుడే ఒళ్ళు విరుచుకుంటున్నాడు. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఆమె ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. రెండేళ్ళలో మొదటిసారి ఆవలింత రాలేదు.

అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ ఒకటే పొద్దు. ఒక వారం వాళ్ళ ఉదయం ఊరి సాయంత్రంలో పడేది. ఒక వారం వాళ్ళ సాయంత్రం ఊరి ఉదయంలో పడేది. ఆ వారం జాలరిపేట దాకా నడిచి, వలలు దులుపుతున్న చోట నిలబడేవారు. అతను చేపల వాసన పీల్చి, “కవళ్ళు పడ్డాయి” అనో, “ఈయేళ ఏటీ పడలేదు” అనో చెప్పేవాడు. ఆమె నవ్వేది. ఇంటికొచ్చి ఇద్దరూ కలిసి వండుకునేవారు. అతని చేతికి కత్తిపీట ఇవ్వకుండా ఆమే తరిగేది. మంచినీళ్ళు అడక్కముందే అందించేది. స్నానానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఇన్నాళ్ళూ నిద్రమత్తులో చేసిన పనులు ఇప్పుడు ప్రేమగా చేస్తున్నాననుకుంది.

నెల తిరిగేసరికి సోమయాజులుగారికి తన రక్తపరీక్షల రేఖలు చూపించింది. తవిటినాయుడి రేఖ మీద ఆమె రేఖ అతికినట్టు కూర్చుంది. ఆయన చాలాసేపు చూశాడు. “ఇంత బాగా పట్టుకుంటుందని నేననుకోలేదు” అన్నాడు. ఆ గొంతులో సంతోషం తక్కువగా ఉంది. ఆమె అప్పుడది పట్టించుకోలేదు.

ఒకరోజు లేచి తలుపు తీసుకుని వచ్చేసరికి పైడమ్మ ముందుగదిలో కింద కూర్చుని గుడ్డముక్క తడిపి పిండుతోంది. పక్కన చాపమీద లోహిత. పెదాలు పొక్కి ఉన్నాయి.

“ఏమైందత్తా?”

“జొరం. నిన్న బడినించి వొచ్చిందగ్గర్నించీ కాల్తన్నాది. ఆర్ఎంపీ వొచ్చి సూది సేసినాడు. ఇప్పుడు కాస్త నయం.”

“నన్ను లేపలేదేం?”

పైడమ్మ ఆశ్చర్యంగా చూసింది. “తలుపు తియ్యొద్దన్నావు కదమ్మా.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. చెప్పినట్టు చేసిన మనిషి మాట. కుసుమ కూతురి నుదుటి మీద చెయ్యి వేసింది. లోహిత కళ్ళు తెరిచి, “నీకు పొద్దున్నా అమ్మా ఇప్పుడు?” అని అడిగింది. “ఆఁ” అంది కుసుమ. “నాకు రాత్రి” అని అటు తిరిగి పడుకుంది.

జ్వరం తగ్గాక లోహిత మారింది. అంతకుముందు తల్లి మేలుకుని ఉన్న గంటల కోసం కాచుకుని ఉండేది. బడి నుంచి వచ్చి, మూసిన తలుపు దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఇప్పుడు కాచుకోవడం మానేసింది. తన గదిలో తలుపేసుకునేది. వేళ కాని వేళ లేచి వచ్చి తల్లిదండ్రుల మధ్య కూర్చునేది. “నిద్ర రావట్లేదా?” అంటే, “పరీక్షలు కదా, చదువుకుంటున్నా” అనేది. కుసుమకు లోపల ఎక్కడో సంతోషం వేసేది. పోనీలే, కాసేపు కూతురు దగ్గరుంది అనుకునేది.

*

మార్చి నెల సగం దాటాక ఒంటిపూట బడులు పెట్టారు. మిట్టమధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకొచ్చేవారు. ఒకరోజు సందు చివర గొడుగేసుకుని నిలబడ్డ పైడమ్మ ముందునుంచి బడి బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. ఇవాళ రాలేదేమో, స్నేహితురాలింటికెళ్ళిందేమో అనుకుని ఇంటికొచ్చింది. వాళ్ళ నాన్న బండి మీద ముందే ఇంటికొచ్చేసిన పక్కింటి పిల్ల, “లోహిత పొద్దున్న నాతోనే బస్సెక్కిందే!” అంది.

ఆ వారం ఊరి మధ్యాహ్నమే తవిటినాయుడికీ కుసుమకూ నడిరాత్రి. పైడమ్మ ఆ నల్లతలుపు ముందు నిలబడింది. చెయ్యెత్తింది, దించింది. తరువాత రెండు చేతులతోనూ బాదింది.

“కుసుమా! గుంట రాలేదే! లెగండర్రా!”

నిద్ర అడుగునుంచి కుసుమ పైకి రావడానికి చాలాసేపు పట్టింది. తలుపు తీయగానే ఎండ కళ్ళలోకి సూదుల్లా దిగింది. అత్తగారు చెప్పేది చెవిన పడుతోంది గానీ మాటలుగా అతుక్కోవడం లేదు. బడికి ఫోను చేస్తే, పిల్లలందరూ వెళ్ళిపోయారన్నారు. డ్రైవరుకు ఫోను కలపడానికి ఇంకాసేపు పట్టింది. అతను బస్సును ఎండాడ దగ్గర షెడ్డు బయట పెట్టి, తాళం వేసి, ఇంటికెళ్ళి అన్నం తింటున్నాడు.

ఆటోలో అత్తగారితో వెళుతూ కుసుమ రెండుసార్లు కునికిపాట్లు పడింది. కన్నకూతురు ఎక్కడుందో తెలియని వేళ తన కళ్ళు మూతలు పడుతుంటే, గోళ్ళతో అరచేయి గుచ్చుకుంది. అయినా పడ్డాయి.

వాళ్ళు చేరేసరికి డ్రైవరు బస్సు తలుపు తీస్తున్నాడు. లోపలి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు మొహాన కొట్టింది. వెనకసీటులో లోహిత ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళంతా చెమట, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. భయపడి అరిచిన గుర్తులేం లేవు. కిటికీ తియ్యడానికి కూడా ప్రయత్నించలేదు. ఆ వేడిలో, హాయిగా, నడిరాత్రి నిద్రలా నిద్రపోయింది. నిద్రలోంచే స్పృహ తప్పింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. చీకటి పడేవేళకు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. డ్యూటీ డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, “రాత్రి సరిగా పడుకోలేదా తల్లీ? ఎన్నింటికి పడుకుంటావు రోజూ?” అని అడిగింది.

“నాన్న టైముకి” అంది లోహిత.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మంచం అవతల నిలబడ్డ కుసుమకు అర్థమైంది.

ఇంటికి బట్టల కోసం వచ్చినప్పుడు లోహిత గదిలో లైటు వేసింది. చదువుకునే బల్లమీద గోడకు టవల్ వేలాడుతోంది. దాని వెనక కొత్త పలక ఉంది. ఎప్పుడైనా అవసరమని అటకమీద పెట్టిన మిగులు పలకను పిల్ల దించుకుని, ప్లగ్గుకు కలుపుకుంది. అదే రంగు, అదే మినుకు. పెద్దవాళ్ళ గదిలో పలకలు ఎలా నడిస్తే ఇదీ అలాగే నడుస్తుంది. నాలుగు వారాలుగా ఆ పిల్ల తనంతట తాను జారుతూ వచ్చింది. బడికి మాత్రం రోజూ లేచి వెళ్ళింది.

*

మూడోరోజు లోహితను ఇంటికి తెచ్చారు. కుసుమ పలకలన్నిటికీ కరెంటు తీసేసింది. నల్లతెరలు విప్పి కుప్పగా పడేసింది. చాలారోజుల తరువాత హాల్లోకి సాయంత్రపు ఎండ వచ్చింది. తవిటినాయుడు ఆ ఎండ పడ్డచోట, నేల వెచ్చగా ఉన్నచోట కూర్చున్నాడు.

“కుసుమా, ఇలా కూకో. నీకో మాట సెప్పాల.”

ఆమె కూర్చుంది.

“మూడు నెలల్నించీ సెబుదావనుకుంతన్నాను. నోరు రాలేదు. మీరంతా తొంగున్నాక నానొక్కణ్ణీ ఉండీవోణ్ణి కదా... ఆ గంటలు నాకు కావాలే.”

“కావాలంటే?”

“పగలైతే మీ అందరికీ నానొక పని. అమ్మ అన్నం కలిపి పెడతాది. నువ్వు సెయ్యట్టుకుంతావు. గుంట సెప్పులు కాళ్ళకి తొడుగుతాది. తప్పని కాదు. రాత్రయితే ఎవులూ ఉండరు. నీళ్ళు నానే ముంచుకుంతాను. గోడట్టుకుని నానే నడుస్తాను. కాలు కొట్టుకుంతే నానే తిట్టుకుంతాను. స్టవ్వు కూడా ఎలిగించీవోణ్ణి. టీ ఎట్టుకునీవోణ్ణి. నీకు తెలీదు.”

కుసుమ వంటింటి వైపు చూసింది.

“నువ్వు లెగిసొచ్చీసి పక్కన కూకునీదానివి. పాపం నిద్ర సెడగొట్టుకుని వొచ్చిందని నానేటీ అనీవోణ్ణి కాదు. ఆకరికి దీపాలు కట్టీసుకుని మొత్తానికే వొచ్చీసినావు. నీ సంతోషం సూస్తే...” ఆగాడు. “సూడ్డమంటే ఇనడమే అనుకో. నీ నవ్వు ఇన్నాక ఇంకేటి సెప్పగలను? బాగులేదని కాదు. నీతో జాలరిపేట ఎల్లడం బాగుంది. కానీ ఒక్క గంటయినా నన్నొదిలీలేదు నువ్వు.”

“ఒంటరిగా ఉన్నారనుకున్నాను.”

“ఉన్నాను. అలగుండడమే నాకు మిగిలింది.”

ఆమె సోమయాజులుగారిని అడిగింది. అత్తగారిని అడిగింది. పిల్లకు కూడా చెప్పింది. ఎవరికోసం చేస్తోందో అతన్ని మాత్రం, నీకిది కావాలా అని అడగలేదు. నీ ఇష్టం అన్న మాటను ఒప్పుకోలుగా తీసుకుంది. కోపం వస్తుందేమో అనుకుంది. రాలేదు. కోపానికి కావలసిన ఓపిక కూడా లేదు. గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది.

“ఇప్పుడేం చేద్దాం?” అంది.

“నువ్వు గుంటకాడికెల్లు. టీ నానెడతాను.”

అతను లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె చప్పుడైంది. ఏదో కింద పడి దొర్లింది. ఆమె లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

*

పిల్లల ఒళ్ళు మైనంలాంటిది. ఒంటిపూట బడులు అయిపోయేలోగా లోహిత తెల్లవారుజామునే లేచి, నానమ్మతో కలిసి మేడమీద మొక్కలకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

కుసుమ ఊరి పొద్దులోకి తిరిగి రాలేదు.

రోజూ పొద్దున్నే ఎండలో నిలబడేది. తన మొదటి పలకల కిందే, ఆసుపత్రుల్లో అందర్నీ గాడిలో పెట్టిన వాటి కిందే గంటలకొద్దీ కూర్చునేది. రెండురోజులు నిలబడినట్టే ఉండేది, మూడోరోజు మళ్ళీ జారేది. తవిటినాయుడంత వేగంగా కాదు. అతనితోనూ కలవక, ఊరితోనూ కలవక, మధ్యలో ఎక్కడో తేలేది. కళ్ళు బాగానే ఉన్నాయి. అవి చెప్పేది శరీరం వినడం మానేసింది.

రక్తపరీక్షల రేఖలు సోమయాజులుగారి బల్లమీద పరిచింది. “మూడు వారాలకి వెళ్ళిపోయినవాళ్ళకి ఏమీ కాలేదండీ. మూడు నెలలుంటే ఇదీ.”

“తగ్గొచ్చు.”

“తగ్గొచ్చు. ఎప్పటికో తెలీదు. నావి ఒక్కదాని రేఖలే కదా, ఇంకా చూద్దామని కంపెనీవాళ్ళంటారు. మీరేమంటారు?”

సముద్రం మీద వేదికలకు పలకలు పంపడానికి కంపెనీ ఒప్పందం సిద్ధంగా ఉంది. ఆ ఒప్పందం మీదే ల్యాబులో సగంమంది ఉద్యోగాలున్నాయి. ఆయన కిటికీ వైపు చూశాడు. రిటైరయ్యే ముందు చేతికందిన పెద్ద పని అది. ముసలితనం ఒక్కసారే మీదపడ్డట్టు నెమ్మదిగా లేచాడు.

“ఆ కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడుతుంటే నాకూ సరదా వేసిందమ్మా” అన్నాడు. “నిన్ను ఆరోజే ఆపాల్సింది. నాకు ఫలితం కావాల్సొచ్చింది.”

ఆ సాయంత్రమే ప్రయోగం ఆపేస్తున్నట్టు కంపెనీకి రాశాడు. కారణంగా కుసుమ రేఖలు జతచేశాడు. పొడుగురోజు పలకలు విప్పి పెట్టెల్లో పెట్టారు. ఇద్దరు ఇంజనీర్లు వేరే ఉద్యోగాలు వెతుక్కుని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఒకతను ఆమె వైపు చూడలేదు.

*

వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచారు. కొన్నాళ్ళకు తల్లిదండ్రుల్ని రమ్మని కబురొచ్చింది, శనివారం పది గంటలకు. పోయిన ఏడాది సగంలో చదువు దెబ్బతింది కాబట్టి లోహిత గురించి ప్రత్యేకంగా మాట్లాడాలన్నారు.

ఆ రోజుకి కుసుమ ఒంట్లో రాత్రి రెండవుతోంది. మొహం మీద చన్నీళ్ళు కొట్టుకుంది. కాఫీ రెండుసార్లు తాగింది. తవిటినాయుడి పొద్దు ఆ వారం ఉదయానికి వచ్చి ఉంది గనక అతనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. చొక్కా బొత్తాలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నాడు. కుసుమ చూసింది. చెప్పలేదు. గేటు దగ్గర లోహిత చెబితే నవ్వుకుని తనే సరిచేసుకున్నాడు.

“నువ్వు రాకపోయినా పర్లేదమ్మా” అంది లోహిత మెట్లెక్కుతూ. “నాన్న ఉన్నాడుగా.”

“వస్తాను.”

తరగతిగదిలో పిల్లల బెంచీల మీదే కూర్చోమన్నారు. ముగ్గురూ ఒకే బెంచీ మీద సర్దుకున్నారు. లెక్కల టీచరు జవాబుపత్రాలు ముందు పెట్టుకుని మొదలుపెట్టింది. పోయిన ఏడాది ఎక్కడెక్కడ వెనకబడిందో, ఇప్పుడు ఎలా ఉందో. కుసుమ ప్రతి మాటకూ తలూపింది. భిన్నాల దగ్గరికొచ్చేసరికి టీచరు గొంతు దూరం జరిగింది. బల్లమీద కాగితాల తెలుపు అలుక్కుపోయింది. కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఇంకొక్క నిమిషం అనుకుంది. తల మెల్లగా ఒరిగి కూతురి భుజం మీద ఆగింది.

టీచరు మాట ఆపింది. వెనక బెంచీలో ఎవరో తల్లి కిసుక్కున నవ్వింది. టీచరు కాగితాలు దగ్గరికి లాక్కుంటూ, “మళ్ళీ ఇంకోరోజు పెట్టుకుందామా?” అంది.

లోహిత కదలకుండా కూర్చుంది. తల్లి తల జారకుండా భుజం కొంచెం పైకెత్తింది.

“వద్దు మేడమ్. మీరు చెప్పండి. అమ్మ లేచాక నేను చెప్తాను.”

తవిటినాయుడు పక్కకి చెవి వంచి భార్య ఊపిరి విన్నాడు.

“తొంగున్నాదా?” అని అడిగాడు.

“ఊఁ.”

“అయితే కాస్త నెమ్మదిగా సెప్పండమ్మా” అన్నాడు టీచరుతో.

ఆమె గొంతు తగ్గించి, భిన్నాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.